సులోచనకు మాటలు రాక కెరీర్ పోయిందా? అసలు జరిగింది ఇదీ

మీరు అడిగింది ఇదీ కదా: మూకీల కాలంలో సులోచన అనే యూదుల అమ్మాయి బాంబేలో నంబర్ వన్ హీరోయిన్ అంట, గవర్నర్ కంటే ఎక్కువ జీతం తీసుకునేదంట, టాకీలు రాగానే హిందీ రాక మూలన పడిపోయిందంట, ఇది నిజమేనా, ఆవిడ సినిమాలు ఇప్పుడు ఎక్కడైనా చూడొచ్చా అని. పాత సినిమా కాగితాలు, పాటల పుస్తకాలు, పోస్టర్లు పోగేసే పిచ్చి నాకు చాలా ఏళ్ళ నుంచి ఉంది, ఈవిడ పేరు అందులో అడుగడుగునా తగులుతూనే ఉంటది, అందుకని కొంచెం వివరంగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందే చెప్పేస్తున్నా, జీతం కథలో సగం గాలి, హిందీ రాక పోయిందన్న కథ అయితే సగం కంటే ఎక్కువే గాలి. మాట రాకపోవడం ఆవిడకు ఒక ఏడాది నష్టం చేసింది, అంతే. ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు టాకీల్లో కూడా హీరోయిన్‌గానే చేసింది. పడిపోయింది నిజమే, కానీ పడిపోయిన టైమ్ వేరు, కారణాలు వేరు.

మొదట ఒక జాగ్రత్త. గూగుల్లో సులోచన అని కొడితే హిందీ సినిమాల్లో తెల్లచీర కట్టుకుని హీరోల తల్లిగా కన్నీళ్ళు పెట్టుకునే సులోచన వస్తది, ఆవిడ సులోచన లాట్కర్, మరాఠీ నటి, ఈవిడకి ఆవిడకి ఏ సంబంధం లేదు. పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కూడా ఒకరి ఫొటో పక్కన ఇంకొకరి పుట్టినరోజు పెట్టేస్తున్నాయి. మనం మాట్లాడుకునే ఆవిడ అసలు పేరు రూబీ మైయర్స్. 1907లో పుణెలో పుట్టింది. బాగ్దాదీ యూదులు, అంటే ఇరాక్ వైపు నుంచి వ్యాపారాల కోసం వచ్చి బాంబే, పుణె, కలకత్తాల్లో స్థిరపడ్డ యూదులు, వాళ్ళ కుటుంబం. ఇంట్లో బయటా ఇంగ్లీషు వాతావరణం. బాంబేలో టెలిఫోన్ ఆపరేటర్‌గా ఉద్యోగం చేసేది. అప్పట్లో ఎక్స్ఛేంజ్‌లో నంబర్ అడిగితే మనిషే వైరు తీసి గుచ్చి కలపాలి కదా, ఫోన్లు ఉన్నవాళ్ళేమో దొరలు, పెద్ద పెద్ద షావుకార్లు, అందుకని ఇంగ్లీషు గలగలా మాట్లాడే ఆంగ్లో ఇండియన్, యూదు అమ్మాయిలకే ఆ ఉద్యోగాలు ఎక్కువగా దొరికేవి. టైపిస్టులూ అంతే.

కోహినూర్ ఫిల్మ్ కంపెనీలో మోహన్ భవనానీ అనే డైరెక్టర్ ఉండేవాడు. ఆయన ఈ అమ్మాయిని చూసి సినిమాల్లో వేస్తావా అని అడిగాడు, ఈవిడ కుదరదు పొమ్మంది. ఎందుకంటే సినిమాల్లో వేషం వేయడం అంటే ఆడపిల్లకి మర్యాద కాని పని. అది ఎంత దాకా అంటే 1913లో ఫాల్కే రాజా హరిశ్చంద్ర తీసినప్పుడు తారామతి వేషానికి ఆడమనిషే దొరక్క హోటల్లో వంట చేసే సాలుంకే అనే కుర్రాడితో వేయించాడు. ఆ తర్వాత మోహినీ భస్మాసుర్‌లో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి నటించారు కానీ దాంతో మిగతా వాళ్ళ ఇళ్ళ తలుపులేమీ తెరుచుకోలేదు. పేరున్న కుటుంబాల ఆడపిల్లలు రారు, తవాయిఫ్‌లని, అంటే ఆటపాటలే వృత్తిగా బతికే ఆడవాళ్ళని తెస్తే ఊళ్ళో పెద్దమనుషులు మూతి విరుస్తారు. ఇక మిగిలింది ఎవరు, బయట ఉద్యోగాలు చేసే అలవాటు ఉండి, కులం కట్టుబాట్ల పేచీ లేని ఆంగ్లో ఇండియన్, యూదు, గోవా క్రిస్టియన్ అమ్మాయిలు. వాళ్ళకి హిందూ పేర్లు పెట్టేసేవాళ్ళు. రెనీ స్మిత్ సీతాదేవి అయింది, ఐరిస్ గాస్పర్ సబితాదేవి అయింది, ఎఫీ హిప్పొలెట్ ఇందిరాదేవి అయింది, మన రూబీ సులోచన అయింది. మన దక్షిణాదిలో కూడా ఇదే కథ, రఘుపతి వెంకయ్య గారు, వాళ్ళబ్బాయి ప్రకాష్ మద్రాసులో భీష్మ ప్రతిజ్ఞ తీసినప్పుడు గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెల్లో అనే దొరసాని. మూకీ కాబట్టి గంగమ్మకి తెలుగు రావాలా తమిళం రావాలా అన్న గొడవే లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది నా ఆలోచన. అప్పటి ఫిల్ముకి ఎరుపు రంగు పట్టేది కాదు. ఎర్రటిది ఏదైనా తెర మీద నల్లగా పడేది, నీలం ఏమో తెల్లగా పడేది. మన చామనఛాయ మొహాలు ఆ ఫిల్ము మీద ఉన్నదానికంటే ఇంకా నల్లగా వచ్చేవి కాబట్టి తెల్ల పౌడరు దట్టంగా పూసేవాళ్ళు, లైట్లు సరిగ్గా లేక ఎండలో రిఫ్లెక్టర్లు పెట్టి తీసే రోజుల్లో తెల్లగా ఉన్న మొహం కెమెరామెన్‌కి సగం పని తగ్గించేది. తెలుపు మీద మనకున్న మోజు ఎటూ ఉంది, దానికి ఫిల్ము కూడా తోడయింది. సులోచన ఫొటోలు చూస్తే మీకే తెలుస్తది, సన్నగా గీసినట్టు కనుబొమలు, పొట్టిగా కత్తిరించి అలలు తిప్పిన జుట్టు, పెద్ద కళ్ళు, ఒంటి మీద ఏమో చీర, మెళ్ళో మన నగలు. హాలీవుడ్ మొహం, లోకల్ గెటప్, ఆ కలయికనే జనం డబ్బులిచ్చి చూశారు.

సరే కథకొస్తే, భవనానీ పట్టు వదల్లేదు, చివరికి ఒప్పుకుంది. నటన అంటే ఏంటో తెలీదు, నాటకాల అనుభవం సున్నా. 1925లో వీరబాలతో మొదలుపెట్టింది. 1926 వచ్చేసరికే సినిమా క్వీన్, టైపిస్ట్ గర్ల్, టెలిఫోన్ నీ తరుణి వరసపెట్టి వచ్చేశాయి. ఆ పేర్లు చూడండి ఒకసారి. మన దగ్గర సినిమా అంటే ఇంకా సతీ అనసూయ, సతీ సావిత్రి అనుకుంటున్న రోజుల్లో ఈవిడ టైపు కొట్టే అమ్మాయి, ఫోన్ కలిపే అమ్మాయి. నిన్నటి దాకా నిజంగా ఫోన్లు కలిపిన అమ్మాయిని తీసుకొచ్చి తెర మీద టెలిఫోన్ గర్ల్‌ని చేయడం, ఆ ఐడియా ఎవరిదో గానీ మెచ్చుకోవాలి. ఉద్యోగం చేసుకుంటూ సొంతంగా బతికే పట్నం ఆడపిల్ల మన తెరకి అలా ఎక్కింది. టైపిస్ట్ గర్ల్ తీసింది చందూలాల్ షా, అందులోనే గోహర్ కూడా ఉంది, తర్వాత వాళ్ళిద్దరూ కలిసి రంజిత్ కంపెనీ పెట్టారు, అది వేరే పెద్ద కథ.

తర్వాత ఈవిడ అర్దేషిర్ ఇరానీ గారి ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీకి మారింది. 1927లో అక్కడ భవనానీ తీసిన వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే గురించి మాత్రం ఆగి చెప్పుకోవాలి. అందులో ఈవిడ ఎనిమిది వేషాలు వేసింది. తోటమాలి, పోలీసు, వీధుల్లో తిరిగే పోరగాడు, అరటిపళ్ళు అమ్ముకునే మనిషి, బంగారు రంగు జుట్టు దొరసాని, ఇంకా వినండి, ఒక హైదరాబాదీ పెద్దమనిషి! అంటే 1927లోనే బాంబే ప్రేక్షకులకి హైదరాబాదీ అంటే ఒక టైపు మనిషిగా తెలుసన్నమాట, షేర్వాణీ వేసుకుని నడిచొస్తే చాలు మాట లేకుండానే గుర్తుపట్టి నవ్వి ఉంటారు. నవరాత్రిలో నాగేశ్వరరావు గారి తొమ్మిది వేషాల గురించి మనం ఇప్పటికీ చెప్పుకుంటాం, ఈవిడ దానికి దాదాపు నలభై ఏళ్ళ ముందు, అదీ మగ వేషాలతో సహా, గొంతు మార్చే అవకాశమే లేకుండా ఒక్క నడకతో మొహంతో చేసింది. ఇరవై ఏళ్ళ పిల్ల అప్పటికి. ఆవిడకు నటన రాదు, అందం మీద బతికింది అని కొందరు రాస్తారు, వాళ్ళకి ఈ సినిమా ఒక్కటి చాలు జవాబు. కాకపోతే చూపించడానికి సినిమా లేదు, అది కింద చెప్తా.

1928లో అనార్కలీ గొడవ. లాహోర్‌లో గ్రేట్ ఈస్టర్న్ అనే కంపెనీ అనార్కలీ కథనే లవ్స్ ఆఫ్ ఎ మొఘల్ ప్రిన్స్ పేరుతో భారీగా తీస్తోంది, సీతాదేవి హీరోయిన్. ఇంపీరియల్ వాళ్ళకి ఈ కబురు తెలిసింది. వెంటనే ఆర్.ఎస్. చౌదరి డైరెక్షన్‌లో సులోచనని పెట్టి అదే కథ గబగబా చుట్టేసి వాళ్ళకంటే ముందే రిలీజ్ చేసేశారు, ఇది పెద్ద హిట్టు, వాళ్ళది వచ్చేసరికి జనానికి కథ పాతబడిపోయింది. ఒకే కథ మీద రెండు బ్యానర్లు పోటీ పడి ఒకళ్ళని ఒకళ్ళు ముంచుకోవడం మన ఇండస్ట్రీ కొత్తగా కనిపెట్టిందేం కాదని చెప్పడానికి ఇది చెప్తున్నా. అదే ఏడాది మాధురి, మరుసటి ఏడాది ఇందిరా బి.ఎ. ఈ మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి. క్రేజ్ ఎంత ఉండేదంటే గాంధీ గారు ఖద్దరు ఎగ్జిబిషన్ ప్రారంభించిన చిన్న ఫిల్ము వేసినప్పుడు దాంతో పాటు మాధురిలో సులోచన డాన్స్‌ని సౌండ్ ఎఫెక్టులు కలిపి జత చేశారు. ఒకే టికెట్టు మీద ఖద్దరు, సులోచన. ఈ దేశంలో పబ్లిసిటీ వాళ్ళకి ఎవరూ ఏదీ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు జీతం సంగతి. నెలకి 5000 అని అందరూ రాసే అంకె. మూకీ చివరి రోజుల్లో, టాకీ మొదట్లో స్టూడియోలన్నీ నెల జీతాల మీదే నడిచేవి, హీరో అయినా హీరోయిన్ అయినా పొద్దున్నే స్టూడియోకి వచ్చి సంతకం పెట్టాల్సిందే, కాబట్టి నెలకి ఇంత అని చెప్పడంలో తప్పేం లేదు, ఆ అంకె అప్పటికి మహా పెద్ద అంకె కూడా. కానీ గవర్నర్ కంటే ఎక్కువ అన్నది లెక్కకి నిలబడదు. 1935 గవర్నమెంట్ ఆఫ్ ఇండియా చట్టంలో బాంబే గవర్నర్ జీతం ఏడాదికి 1,20,000 రూపాయలని రాసే ఉంది, అంటే నెలకి పదివేలు. ఐదు వేలు పదివేల కంటే ఎలా ఎక్కువవుతుందో ఈ కథ రాసేవాళ్ళు ఎవరూ చూసుకోరు, ఒకడు రాస్తాడు, వందమంది కాపీ కొడతారు. గవర్నర్ జీతంలో సగం ఒక మాజీ టెలిఫోన్ ఆపరేటర్ తీసుకుందంటే అదే కళ్ళు తిరిగే సంగతి కదా, దానికి మళ్ళీ మసాలా ఎందుకు. షెవ్రొలే కారు సొంతంగా నడుపుకుంటూ వెళ్ళేదని చెప్తారు.

ఇక అసలు ప్రశ్న, టాకీలు.

1931 మార్చి 14న బాంబే మెజెస్టిక్ థియేటర్లో ఆలం ఆరా పడింది. తీసింది ఎవరు? సులోచన పనిచేసే ఇంపీరియల్ కంపెనీయే, అర్దేషిర్ ఇరానీయే. అంటే సొంత కంపెనీ, సొంత యజమాని, దేశం మొత్తానికి మొట్టమొదటి టాకీ, అందులో హీరోయిన్‌గా కంపెనీలో నంబర్ వన్ స్టార్‌ని పెట్టలేదు, జుబేదాని పెట్టారు. ఆ రోజు ఆవిడ మనసులో ఏమనుకుందో గానీ బయటికి చూస్తే ఇంతకు మించిన చెంపదెబ్బ ఉండదు. కారణం సూటిగానే ఉంది, ఆలం ఆరాకి ఉర్దూ హిందుస్తానీ స్పష్టంగా పలకాలి, ఈవిడకి ఇంగ్లీషు యాస. పైగా ఆ రికార్డింగ్ పద్ధతి ఎలా ఉండేదో తెలిస్తే రిస్క్ ఎందుకు తీసుకోలేదో అర్థమవుతుంది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు, పగలు రైళ్ళ మోత, అందుకని రాత్రి రైళ్ళు ఆగాక ఒంటిగంట నుంచి తెల్లవారుజాము దాకా షూటింగ్. మైకులు సెట్టులో కనపడకుండా దాచిపెట్టాలి, మాట, పాట, వాయిద్యం అన్నీ అప్పటికప్పుడు అక్కడికక్కడే, డబ్బింగ్ అన్న మాటే లేదు. ఒక పదం తప్పు పలికితే షాట్ మొత్తం మళ్ళీ తీయాలి, ఫిల్ము ఖర్చు, రాత్రి గడిచిపోతోంది. అలాంటి చోట భాష తడబడే మనిషిని ఎవరు పెడతారు.

ఇక్కడ మనవాళ్ళ ప్రస్తావన రాకుండా ఉండదు. అదే ఇంపీరియల్ స్టూడియోలో అప్పుడు హెచ్.ఎం. రెడ్డి గారున్నారు, ఎల్.వి. ప్రసాద్ గారు ఆలం ఆరాలో చిన్న వేషం వేశారు. అదే ఏడాది ఇరానీ కంపెనీ మీద హెచ్.ఎం. రెడ్డి గారు కాళిదాస్ తీశారు, అందులో హీరోయిన్ టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడుతుంటే హీరో తెలుగులో జవాబు చెప్తాడు, జనం ఏమీ అనుకోలేదు, బొమ్మ మాట్లాడుతోంది చాలు అనుకున్నారు. ఆ తర్వాతే మన భక్త ప్రహ్లాద. అంటే భాష విషయంలో మొదటి రెండేళ్ళు చాలా దయగా గడిచాయి. అదే స్టూడియోలో ఎవరికి ఏ భాష వస్తే ఆ భాషలో లాగించేస్తుంటే సులోచన కూడా అలాగే ఏదో ఒకటి లాగించేసి ఉండొచ్చు. ఆవిడ అలా చేయలేదు. ఒక ఏడాది సినిమాలు ఆపేసి కూర్చుని హిందుస్తానీ నేర్చుకుంది. టాప్‌లో ఉన్న హీరోయిన్, చేతిలో నెల జీతం, ఎదురుగా కొత్తవాళ్ళు దూసుకొస్తున్నారు, అలాంటప్పుడు ఏడాది పాటు తెరకి కనపడకుండా చదువుకోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

1932లో మాధురి టాకీతో తిరిగొచ్చింది. నేను గుర్తుపెట్టుకోమన్న పేర్లు ఇప్పుడు చూడండి. మాధురి మూకీ 1928, టాకీ 1932. ఇందిరా బి.ఎ. 1929లో, 1934లో ఇందిరా ఎం.ఎ., హీరోయిన్‌కి ప్రమోషన్ ఇచ్చి డిగ్రీ కూడా పెంచేశారు! అనార్కలీ మూకీ 1928, టాకీ 1935, అదే ఆర్.ఎస్. చౌదరి డైరెక్షన్. వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబేని 1936లో బంబయి కీ బిల్లీ అని తీశారు. మధ్యలో 1933లో ఏకంగా సులోచన అన్న పేరుతోనే ఒక సినిమా, హీరోయిన్ పేరే టైటిల్. తన మూకీ హిట్లన్నీ తనే మళ్ళీ మాటలతో చేసుకుంటూ పోయిన ఇంకో నటి మన దేశంలో నాకైతే తట్టడం లేదు. కంపెనీ తెలివి కూడా ఉంది ఇందులో, జనానికి కథ ముందే తెలుసు, మొహం తెలుసు, కొత్తగా వినాల్సింది గొంతు ఒక్కటే, కాబట్టి ఆ గొంతులో కొంచెం యాస ఉన్నా సర్దుకుపోతారు. ఇదంతా జరిగాక కూడా టాకీలు రాగానే ఆవిడ పని అయిపోయింది అని రాస్తుంటే ఏమనాలి చెప్పండి.

భాష వల్ల నిజంగా కనుమరుగైన వాళ్ళు లేరని నేను అనను. సీతాదేవి ఉంది, మూకీల్లో అంత పేరు, టాకీల్లో నిలబడలేదు. ఎర్మిలిన్ అనే గోవా అమ్మాయి అంతే. మరోపక్క గోహర్, జుబేదాలకి ఉర్దూ అలవాటైన భాష, వాళ్ళకి ఇబ్బందే రాలేదు. మగవాళ్ళలో మన కరీంనగర్ జైరాజ్ గారు, పైడి జైరాజ్, ఆయన కూడా మూకీల్లోనే మొదలుపెట్టారు, హైదరాబాద్‌లో పెరిగి నిజాం కాలేజీలో చదువుకున్న మనిషికి ఉర్దూ గురించి ఎవరు పాఠం చెప్పాలి, హాయిగా టాకీల్లోకి నడిచి వెళ్ళిపోయారు. కాబట్టి మూకీ హీరోయిన్లందరూ మాయమయ్యారు అనేది కాకుండా ఎవరు ఏ ఇంటి నుంచి వచ్చారు, ఏ భాష వాళ్ళ నాలుక మీద ఉంది అని ఒక్కొక్కరిని విడిగా చూడాలి. అలా చూసినప్పుడే సులోచన చేసిన పని ఎంత అరుదైనదో తెలుస్తది, ఇంట్లో లేని భాషని డబ్బు, టైమ్ ఖర్చుపెట్టి సంపాదించుకుంది.

భాష కంటే పెద్ద గండం పాట అని నా అభిప్రాయం. ఆలం ఆరాలో ఏడు పాటలే, మరుసటి ఏడాది ఇంద్రసభలో డెబ్బై దాకా! ప్లేబ్యాక్ పద్ధతి 1935 దాకా మొదలవ్వలేదు, అది కూడా కలకత్తాలో న్యూ థియేటర్స్ వాళ్ళు. అప్పటిదాకా అందరూ సెట్టు మీద నిలబడి పాడాల్సిందే. దాంతో నాటకాల నుంచి, తవాయిఫ్‌ల ఇళ్ళ నుంచి సంగీతం వచ్చిన వాళ్ళు దూసుకొచ్చేశారు. భాష ఏడాదిలో నేర్చుకోవచ్చు, గొంతు ఎక్కడ నుంచి తెస్తారు. ఆ పోటీలో కూడా ఆవిడ అన్నేళ్ళు నిలబడిందంటే జనానికి ఆ మొహం మీద ఉన్న ప్రేమే.

మరి పడిపోయింది ఎప్పుడు? డి. బిల్లిమోరియా అని అందగాడు, పార్సీ హీరో, మూకీల నుంచీ ఈవిడతో జంట. టాకీల్లో 1933 నుంచి ఇంచుమించు 1939 దాకా ఆయన సులోచనతో తప్ప వేరే హీరోయిన్‌తో చేయలేదంటారు. తెర మీద ప్రేమ, బయటా ప్రేమ, ఇద్దరూ ఒకే కంపెనీ. అలాంటి జంట మార్కెట్టుకి బంగారమే, విడిపోతే మాత్రం ఇద్దరూ ఒకేసారి మునుగుతారు, అదే జరిగింది. ప్రేమ చెడింది, ఈవిడ ఇంపీరియల్ నుంచి బయటికొచ్చేసింది. ఇంపీరియల్ కంపెనీయే 1938లో మూతపడింది. మధ్యలో రూబీ పిక్స్ అని సొంత బ్యానర్ పెట్టింది, దానివల్ల పెద్దగా ఒరిగింది లేదు. ఈలోపు బాంబే టాకీస్ దేవికారాణి వచ్చేసింది, నెమ్మదిగా మాట్లాడే చదువుకున్న పై కులం హీరోయిన్ ఫ్యాషన్ అయిపోయింది. ఒకప్పుడు రూబీలు, రెనీలు తప్ప ఎవరూ రాని చోటికి ఇప్పుడు పెద్దింటి అమ్మాయిలు వస్తున్నారు, తలుపు తీసిపెట్టిన వాళ్ళని ఇక ఎవరూ అడగలేదు. వయసు ముప్పై దాటింది, మన ఇండస్ట్రీలో హీరోయిన్‌కి అది ఇప్పటికీ నేరమే కదా. మీరు అడిగినదానికి సూటి జవాబు కావాలంటే ఇదే పేరా మళ్ళీ చదువుకోండి: కంపెనీ పోయింది, జంట విడిపోయింది, ఫ్యాషన్ మారింది, వయసు వచ్చింది. 1931 కాదు, 1938-39.

ఆ తర్వాత క్యారెక్టర్ వేషాలు. 1947లో దిలీప్ కుమార్, నూర్జహాన్‌ల జుగ్నూలో ఉంది, అందులో పెద్ద వయసు ప్రొఫెసర్ ఒకాయన ఈవిడ పాత్ర మీద మనసు పడతాడు. సినిమా సూపర్ హిట్ అయ్యాక బాంబే ప్రభుత్వం నిషేధించింది, మొరార్జీ దేశాయ్ గారు హోం మంత్రిగా ఉన్న రోజులవి. కాలేజీ మనుషుల్ని అలా చూపిస్తారా అని అభ్యంతరం, ఈ ముదురు ప్రేమ కూడా అందులో ఒకటని చెప్తారు. నలభై ఏళ్ళ వయసులో కూడా ప్రభుత్వాన్ని కంగారు పెట్టిందంటే మామూలు విషయమా.

1953 అనార్కలీ గురించి తప్పకుండా చెప్పాలి. బీనా రాయ్ అనార్కలీ, ప్రదీప్ కుమార్ సలీం, సి. రామచంద్ర సంగీతం, మనవాళ్ళు 1955లో అంజలీదేవి, నాగేశ్వరరావు గార్లతో తీసిన అనార్కలికి ముందు దేశాన్ని ఊపేసిన అనార్కలీ ఇదే. ఇందులో సులోచన సలీం తల్లి. రెండుసార్లు ఏ కథలో తను అనార్కలీగా చేసిందో అదే కథలో కొడుకు ప్రేమకి అడ్డంపడే అంతఃపురంలో రాణిగా కూర్చోవాల్సి వచ్చింది. ఆ డైరెక్టర్ నందలాల్ జస్వంత్‌లాల్ ఎవరనుకున్నారు, 1934లో ఇందిరా ఎం.ఎ. తీసిన మనిషే. అంటే తన హీరోయిన్‌ని తనే తల్లి వేషానికి పిలిచాడు. దీన్ని అవమానం అని రాసేవాళ్ళున్నారు, నాకు అలా అనిపించదు, పాత పరిచయం గుర్తుపెట్టుకుని పని ఇచ్చాడు అనిపిస్తది, సినిమా ఫీల్డులో పని ఇవ్వడం కంటే పెద్ద మర్యాద ఏముంది.

1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. మరుసటి ఏడాదిది మన బి.ఎన్. రెడ్డి గారిది, 1980ది జైరాజ్ గారిది, 1982ది ఎల్.వి. ప్రసాద్ గారిది. ఆలం ఆరాలో చిన్న వేషం వేసిన కుర్రాడు, ఆలం ఆరాలో వేషం దక్కని స్టార్ ఇద్దరూ ఒకే లిస్టులో చేరారు. 1983 అక్టోబర్‌లో బాంబేలో తన ఫ్లాట్‌లో చనిపోయింది, అప్పటికి చాలామందికి ఆవిడ ఇంకా బతికే ఉందన్న సంగతే తెలీదు.

చివరిగా సినిమాలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు కదా. ఆవిడ పేరు తెచ్చుకున్న మూకీలు దాదాపు ఏవీ మిగల్లేదు. మన దేశంలో 1300 పైచిలుకు మూకీలు తీస్తే పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టే అన్ని. అప్పటి నైట్రేట్ ఫిల్ము అంటే నిప్పు అంటుకుంటే ఆరదు, మన ఎండలకి దానంతటదే జిగురులా కరిగి పాడైపోయేది, పైగా అందులో వెండి ఉంటది కాబట్టి ఆడటం అయిపోయిన రీళ్ళని ఆ వెండి కోసం అమ్మేసేవాళ్ళు. అప్పట్లో సినిమా అంటే సరుకు, అమ్ముడుపోయాక దాచుకోవాలని ఎవరికీ తట్టలేదు. పాత సినిమాలు దాచే ఆర్కైవ్ పుణెలో 1964లో పెట్టారు, అప్పటికే చాలా ఆలస్యం అయిపోయింది, పి.కె. నాయర్ గారి లాంటి వాళ్ళు ఊళ్ళు పట్టుకుని తిరిగి తెచ్చినవే మిగిలాయి. 2003లో పుణెలోనే అగ్నిప్రమాదంలో మళ్ళీ కొన్ని నైట్రేట్ రీళ్ళు పోయాయి.

కాబట్టి ఆవిడని కదులుతూ మాట్లాడుతూ చూడాలంటే 1953 అనార్కలీ చూడండి, జుగ్నూ చూడండి, రెండూ నెట్‌లో తేలిగ్గానే దొరుకుతాయి. ఆ కాలం మూకీ ఎలా ఉండేదో రుచి చూడాలంటే మాత్రం సీతాదేవివి చూడాలి, అవి జర్మన్, బ్రిటిష్ కంపెనీలతో కలిసి తీసినవి కాబట్టి బయట దేశాల్లో ప్రింట్లు భద్రంగా ఉన్నాయి. ప్రపంచ పాశ్ అని 1929ది, ఎ త్రో ఆఫ్ డైస్ అని వెతకండి, నితిన్ సాహ్నీ కొత్తగా సంగీతం కట్టిన ప్రింట్ చూడండి. 1928 షిరాజ్‌కి అనౌష్క శంకర్ సంగీతం. షిరాజ్‌లో ముంతాజ్‌గా వేసిన అమ్మాయి ఏనాక్షి రామారావు, తర్వాత ఆవిడే సులోచనని ఎక్స్ఛేంజ్ నుంచి తీసుకొచ్చిన భవనానీని పెళ్ళి చేసుకుంది. పాత పోస్టర్లు, పాటల పుస్తకాలు మీ ఇంట్లో పెద్దవాళ్ళ పెట్టెల్లో ఏవైనా ఉంటే పారేయకుండా ఒకసారి ఫొటో తీసి పెట్టండి, ఏ సంవత్సరానివో చూసి చెప్తా.